వీధి కుక్కలను షెల్టర్‌కు పంపాలా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి అక్కడే ఉంచాలా?

హైదరాబాద్‌లో కాలనీ, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ల వాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు కుక్కల దాడిలో చనిపోయిన దగ్గర్నుంచి అడుగుతూనే ఉన్నారు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశాలు వచ్చాక అడిగేవాళ్లు ఇంకా పెరిగారు. ఆ నెల 11న ఇద్దరు న్యాయమూర్తుల బెంచ్ ఢిల్లీ ప్రాంతంలోని వీధి కుక్కలన్నింటినీ షెల్టర్లకు తరలించమంది. 22న ముగ్గురు న్యాయమూర్తుల బెంచ్ దాన్ని మార్చింది. ఆపరేషన్, రేబిస్ టీకా అయ్యాక పట్టుకున్న చోటే వదలమంది. రేబిస్ ఉన్నవాటిని, ఉందని అనుమానం ఉన్నవాటిని, మీదపడి కరిచేవాటిని మాత్రం వదలొద్దంది.

మా కాలనీలో ఈ మధ్య మేం ఆపరేషన్ దారే ఎంచుకున్నాం. అలాగని షెల్టర్ అడిగేవాళ్లది మొండి వాదన అనను. పిల్లలు స్కూల్ బస్సు కోసం నిలబడే చోట కుక్కల గుంపు ఉంటే, ఏ తల్లికైనా ఆ గుంపు రేపటికల్లా అక్కడ ఉండకూడదనే ఉంటుంది. ఆపరేషన్ చేసి తెచ్చి వదిలితే కుక్క అక్కడే ఉంటుంది. ఫలితం కనపడటానికి ఏళ్లు పడుతుంది. షెల్టర్ వల్ల రోడ్డు వెంటనే ఖాళీ అవుతుంది. ఆ తేడా చిన్నది కాదు.

అయితే ఆ ఖాళీ ఎంతకాలం ఉంటుందన్నదే అసలు సంగతి. చికెన్ షాపు వెనక పడేసే వ్యర్థాలు, నిండిపోయిన చెత్తకుండీ, ఫంక్షన్ హాలు బయట పారబోసే అన్నం అలాగే ఉంటే, పక్క వీధి కుక్కలు ఆ తిండి కోసం వస్తాయి. కొత్తగా వచ్చేవాటికి టీకా ఉండదు, ఆపరేషన్ అయి ఉండదు, మన మనుషులు అలవాటు ఉండరు. అంటే తెలిసిన కుక్కలను పంపేసి తెలియనివాటిని తెచ్చుకున్నట్టే.

ఖర్చు సంగతి కూడా చూడాలి. నగరంలో కుక్కలు లక్షల్లో ఉన్నాయి. ఒక్క లక్ష కుక్కలనే షెల్టర్లలో పెట్టారనుకుందాం. తిండి, మందులు, పనివాళ్ల జీతాలు అన్నీ కలిపి ఒక్కోదానికి రోజుకు 50 రూపాయలే వేసుకున్నా రోజుకు 50 లక్షలు, ఏడాదికి 182 కోట్లు దాటుతుంది. కుక్క పదీ పన్నెండేళ్లు బతుకుతుంది కాబట్టి అన్నేళ్లూ ఆ ఖర్చు తప్పదు. డబ్బు చాలకపోతే ఒకే షెడ్డులో కుక్కలను కుక్కుతారు. అప్పుడు పార్వో, డిస్టెంపర్ లాంటి జబ్బులు ఒకదాని నుంచి ఒకదానికి పాకి కుక్కపిల్లలు ముందు పోతాయి.

ఇక ఆపరేషన్ల మీద వచ్చే పెద్ద ఫిర్యాదు: "ఏళ్ల తరబడి చేస్తున్నారు, కుక్కలు తగ్గట్లేదు కదా?" నా దృష్టిలో మొత్తం నిర్ణయం ఈ ప్రశ్నకు జవాబు మీదే ఆధారపడి ఉంది. తగ్గకపోవడానికి కారణం ఆపరేషన్ కాదు, ఆపరేషన్లు అక్కడొకటి ఇక్కడొకటి చేయడం.

ఒక కాలనీలో 20 కుక్కలున్నాయి, వాటిలో సగం ఆడవి అనుకోండి. కుక్కలను పట్టుకెళ్లే బండి వచ్చి 8 కుక్కలకు చేయించింది, అందులో నాలుగు ఆడవి. ఇంకా ఆరు ఆడకుక్కలు మిగిలాయి. కుక్క చూలు దాదాపు 63 రోజులే. ఏడాదికి రెండుసార్లు, ఈతకు ఐదేసి పిల్లలు వేసుకుంటే 60 పిల్లలు. వాటిలో ముప్పావు వంతు బండ్ల కింద పడి, జబ్బు చేసి చచ్చిపోయినా 15 మిగులుతాయి. కాలనీవాళ్ల కంటికి ఎనిమిది ఆపరేషన్లు కనిపించవు, పెరిగిన కుక్కలే కనిపిస్తాయి. అదే 20లో 18కి ఒకే విడతలో చేయిస్తే, ఒక్క ఆడకుక్క మిగిలినా ఏడాదికి రెండు మూడు పిల్లలే నిలుస్తాయి. ఈలోపు ముసలివి పోతూ ఉంటాయి. రెండు మూడేళ్లలో తేడా తెలుస్తుంది. ఇది లెక్క కోసం చెప్పిన ఉదాహరణే అయినా వీధిలో జరిగేది ఇలాగే ఉంటుంది.

అందుకే బండి ఎన్ని కుక్కలను తీసుకెళ్లిందని కాదు, మన వీధిలో ఎన్ని మిగిలాయని అడగాలి. మచ్చిక అయిన కుక్కలు తేలిగ్గా దొరుకుతాయి, వాటినే ముందు పట్టుకుంటారు. మనుషులకు దూరంగా, ఆగిపోయిన బిల్డింగుల సెల్లార్లలో ఉండే ఆడకుక్కలు మిగిలిపోతాయి. అవి ఎక్కడుంటాయో, ఏ వేళకు బయటకు వస్తాయో రోజూ అన్నం పెట్టేవాళ్లకే తెలుసు. మా కాలనీలో వాళ్లతో అసోసియేషన్‌కు ఎప్పుడూ గొడవే ఉండేది. ఈసారి వాళ్లనే ముందు పెట్టుకున్నాం. ఆపరేషన్ అయినదాని చెవికి చిన్న కత్తిరింపు ఉంటుంది కాబట్టి, చెవి పూర్తిగా ఉన్నవాటిని వెతకడమే పని. వాళ్ల సాయం లేకుండా సెల్లార్ కుక్కలు దొరికేవి కావు.

వీధిలో దాదాపు అన్నింటికీ చేయించడం మొదటి షరతు. రెండోది, పట్టుకున్న చోటే వదలడం. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనలు చెప్పేది కూడా అదే. వేరే వీధిలో వదిలితే అక్కడి కుక్కలతో కొట్లాట, బెదురు, కాట్లు. మా గేటు దగ్గర ఒకసారి ఎక్కడివో తెలియని కుక్కలను దింపి వెళ్లారు. ఆ వారమంతా రాత్రిళ్లు ఎవరికీ నిద్ర లేదు. తెచ్చి వదిలేటప్పుడు అసోసియేషన్ మనిషి ఒకరు అక్కడ ఉండాల్సిందే.

టీకా సంగతి వేరు. ఆపరేషన్ ఒక్కసారితో సరిపోతుంది, రేబిస్ టీకాను ఏటా మళ్లీ వేయించాలి. కుక్కల్లో కనీసం 70 శాతానికి టీకా ఉంటే రేబిస్ వ్యాప్తి ఆగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. గోవాలో ఊరూరా తిరిగి కుక్కలకు టీకాలు వేశారు, 2021లో దాన్ని రేబిస్ నియంత్రిత ప్రాంతంగా ప్రకటించారు. అక్కడ కుక్కలు వీధుల్లోనే ఉన్నాయి. ఎవరినైనా కరిస్తే మాత్రం వెంటనే 15 నిమిషాలు సబ్బుతో గాయం కడిగి, ఆలస్యం చేయకుండా ఇంజెక్షన్లకు వెళ్లాలి. లక్షణాలు మొదలైతే బతికించే మందు లేదు.

మరి షెల్టర్ అసలు వద్దా? కావాలి, తక్కువ కుక్కలకు కావాలి. స్కూళ్లు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలో పట్టుకున్న కుక్కలను మళ్లీ అక్కడ వదలొద్దని 2025 నవంబర్ 7న సుప్రీంకోర్టు చెప్పింది. వాటికి, మీదపడి కరిచేవాటికి, బండి గుద్ది కాలు విరిగినవాటికి షెల్టర్ తప్ప దారి లేదు. ఆరోగ్యంగా తిరిగే కుక్కలతో షెల్టర్లు నింపేస్తే వీటికి చోటు దొరకదు.

ఊరి బయటకు తీసుకెళ్లి వదిలేయడం గురించీ కొందరు అడుగుతారు. అది నిబంధనలకు విరుద్ధం, పైగా మన ఇబ్బందిని ఏదో పల్లె మీద వేయడం. విషం పెట్టడం నేరం, ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. కుక్కపిల్లల విషయంలో దత్తత మంచిదే. ఆరు నెలల లోపు వాటిని ఎలాగూ ఆపరేషన్‌కు పట్టుకోరు. ఇల్లు దొరికిన ప్రతి పిల్లా వీధిలో ఒకటి తగ్గినట్టే.

పెంచుకున్న కుక్కను ఉంచుకోలేనివాళ్ల ప్రశ్న వేరు. ట్రాన్స్‌ఫర్ అయింది, అమెరికా వెళ్తున్నాం, షెల్టర్‌లో ఇవ్వచ్చా అంటారు. 1992 నుంచి ఉన్న బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ లాంటి జంతు సంరక్షణ సంస్థలు గాయపడినవాటికి, దిక్కులేనివాటికి అవసరం. ఇంట్లో మంచం పక్కన పడుకున్న లాబ్రడార్ వందల కుక్కల మధ్య తిండి మానేస్తుంది. ఇంటి నుంచి నేరుగా ఇంకో ఇంటికి పంపడమే మేలు. బంధువుల్లో, ఆఫీసులో నెలల ముందు నుంచే అడగండి. ఇచ్చే ముందు ఆపరేషన్ చేయించండి. ఉచితంగా ఇస్తామంటే పిల్లలు పెట్టించి అమ్ముకునేవాళ్లూ వస్తారు. వెంట తీసుకెళ్లే ఆలోచన ఉంటే గుర్తింపు కోసం చర్మం కింద పెట్టే మైక్రోచిప్, రేబిస్ టీకా, రక్తపరీక్ష చాలా ముందే మొదలుపెట్టాలి, రేబిస్ ఎక్కువున్న దేశాల జాబితాలో అమెరికా మనల్ని ఉంచింది. పెంచుకున్న కుక్కను రోడ్డు మీద వదిలేయడం 1960 జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలే. ఆ అంకె మారాలని గట్టిగా కోరుకునేవాళ్లలో నేనూ ఉన్నాను.

తప్పిపోయిన కుక్కల విషయంలో కాలరా, చిప్పా అంటే ముందు ఫోన్ నంబరున్న కాలర్. చిప్ చదివే పరికరం వీధిలో ఎవరి దగ్గరా ఉండదు. మీకు అలాంటి కుక్క కనిపిస్తే జాలితో దూరపు షెల్టర్‌కు పంపకండి. చుట్టుపక్కల వాచ్‌మన్లను అడగండి, దగ్గర్లోని పశువైద్యుడి క్లినిక్‌లో ఫొటో పెట్టించండి, వీలైతే రెండు రోజులు ఆ వీధిలోనే ఉంచండి. వెతికేవాళ్లు ముందు అక్కడికే వస్తారు.