స్కేట్ స్కీయింగ్ ప్యాకేజీ కొనేవాళ్లు జాగ్రత్త: డబ్బు కట్టే ముందు స్కీ అడుగు భాగం ఫోటో అడగండి

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ వైపు నుంచి ఈ చలికాలం కశ్మీర్‌లోని గుల్మార్గ్ పోయి స్కేట్ స్కీయింగ్ చేద్దామనుకునే అన్నలు, అక్కలు, తమ్ముళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. పోయిన ఫిబ్రవరిలో నేను 38 వేలు పోగొట్టుకున్నాను. డబ్బు సంగతి అటుంచితే చీలమండ బెణికి మూడు వారాలు పరుగు మానేయాల్సి వచ్చింది.

నాది పోటీల స్థాయి కాదు. పొద్దున్నే పానగల్ ఉదయసముద్రం కట్ట మీద పరుగు, ఆదివారం లతీఫ్ సాహెబ్ గుట్ట మెట్లు, ఏడాదిగా ఇన్‌లైన్ స్కేట్లు (ఒకే వరసలో చక్రాలుండేవి). స్కేట్ స్కీయింగ్‌లో మంచు మీద కూడా అదే కదలిక ఉంటుంది, ఒక కాలి స్కీని (బూటు కింద బిగించే పొడుగు పలకను) అంచు మీద వాల్చి పక్కకు తోసి రెండో కాలి మీద జారాలి, చేతుల్లోని పొడుగు కర్రలతో నెట్టుకోవాలి. లిఫ్టులో పైకెక్కి కిందికి జారడం కాదు, ఎత్తు ఎక్కాలన్నా చదునులో పోవాలన్నా మన ఊపిరితో మనమే పోవాలి. అందుకే అంత ఇష్టపడ్డాను.

హైదరాబాద్‌లోని ఒక ప్యాకేజీ అతను "స్కేట్ స్కీ సెట్, చదును చేసిన ట్రాక్, కోచ్ అన్నీ ఉంటయి సార్" అని వాట్సాప్‌లో రాసిచ్చాడు. మొత్తం ముందే యూపీఐలో, అదీ ఒక వ్యక్తి పేరు మీదున్న నంబరుకు కట్టించుకున్నాడు. బిల్లు అడిగితే అక్కడ ఇస్తారన్నాడు. నేను అక్కడే ఆగాల్సింది.

గుల్మార్గ్ కింది ఊరు టన్‌మర్గ్ నుంచి ఘాట్ ఎక్కి పొద్దున తొమ్మిదికల్లా నేనూ మా బామ్మర్దీ గుల్మార్గ్ చేరుకున్నాం. మన నల్లగొండ 400 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంటుంది, అది దాదాపు 2,650 మీటర్లు, నాలుగడుగులు వేగంగా వేస్తేనే ఆయాసం వస్తుంది. సామాను చేతికిచ్చారు. స్కీ తిప్పి చూస్తే పాదం కిందొచ్చే చోట చేప పొలుసుల్లాంటి గాట్లు ఉన్నాయి. అవి క్లాసిక్ స్కీలు, నేరుగా నడిచినట్టు పోయే పద్ధతికి, వెనక్కి జారకుండా పట్టు కోసం ఆ గాట్లు పెడతారు. స్కేట్ స్కీ అడుగు మొత్తం నున్నగా ఉండాలి. బూట్లు కూడా చీలమండ దాకా రాని మెత్తటివే, స్కేటింగ్‌కు చీలమండను గట్టిగా పట్టే పట్టీ ఉన్న బూటు కావాలి. కర్రలు నా ఛాతీ దాకా కూడా రాలేదు. నా ఎత్తు 170 సెంటీమీటర్లు, దానికి స్కేటింగ్ కర్ర 150 పైన ఉండాలి.

ఫోన్ చేస్తే "రెండూ ఒకటే సార్, అలవాటైతది" అన్నాడు. ఎట్లా ఒకటవుతాయి? 1980లలో అమెరికా స్కీయర్ బిల్ కోచ్ వల్ల ఈ స్కేటింగ్ పద్ధతి అందరికీ పాకింది, దాని వేగానికి పాతది ఆగలేదు, 1988 కాల్గరీ ఒలింపిక్స్‌లో రెండింటికీ వేర్వేరు పోటీలు పెట్టారు. అంత తేడా ఉన్నవాటిని ఒకటే అని అంటగట్టాడు.

అంత దూరం పోయి ఊరికే ఎట్లా తిరిగొస్తామని వేసుకుని దిగాను. ట్రాక్ కూడా లేదు, జనం తొక్కిన మెత్తటి మంచే. తోసిన ప్రతిసారీ ఆ గాట్లు గీసుకుని స్కీ పట్టేసింది, అరగంటలో కుడి చీలమండ లోపలికి మడతపడింది. అక్కడి గైడ్ ఒకాయన పరుగున వచ్చి మంచు పెట్టి కట్టు కట్టి, "వీటితో స్కేటింగ్ చేయకూడదు భాయ్" అని హిందీలో చెప్పాడు. పైసా తీసుకోలేదు. ఆయన మేలు మర్చిపోను.

అందుకే చెప్తున్నా, ఎవరి దగ్గర కొన్నా మీకిచ్చే స్కీనే తిరగేసి తీసిన ఫోటో అడగండి, బూటు పక్క నుంచి తీసింది కూడా. మీ ఎత్తు, బరువు అడగకుండా సైజు చెప్పేవాణ్ని నమ్మకండి, స్కీ గట్టిదనం బరువును బట్టే ఉంటుంది. బూటు ఆ స్కీ బైండింగ్‌లో (బూటును స్కీకి బిగించే భాగం) పడుతుందో లేదో కూడా అడగండి, వాటిలో రకాలున్నాయి, అన్ని బూట్లూ అన్నిట్లో పట్టవు. డబ్బు సగం అక్కడ సామాను చూశాకే ఇవ్వండి.

నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, హైదరాబాద్ తిరగక్కర్లేదు, 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి. నా కాగితాలు వచ్చే సోమవారం నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఇస్తున్నా. ఇట్లాగే మోసపోయినవాళ్లు ఉంటే వాట్సాప్ చాట్, యూపీఐ రసీదు, సామాను ఫోటోలు తుడిపేయకుండా ఉంచుకోండి, కింద రాయండి, కలిసి వేద్దాం.