ఉండవల్లిలో రెండు నిమిషాలు, అమరావతిలో రెండు గంటలు

"రెండు నిమిషాలే సార్, ఫొటో తీసుకుని కదలండి, వెనక వాళ్లున్నారు" అని గైడు తొందరపెట్టేసరికి మా అత్తయ్య జోడించిన చేతులు ఇంకా దించలేదు. ఎదురుగా ఉండవల్లి అనంతపద్మనాభస్వామి. 71 ఏళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులతో అన్ని మెట్లెక్కి వచ్చింది. ఆ మాటకి నా కడుపు ఇప్పటికీ మండుతోంది. ఇది రాయడానికి కూర్చున్నదే అందుకు.

నేను, మా వారు, అత్తయ్య కాకినాడ నుంచి గురువారం రాత్రికి బెజవాడ చేరాం. రైలు ప్రయాణం హాయిగా సాగింది. బాధంతా లాడ్జి దగ్గర మొదలైంది. బుక్ చేసేటప్పుడు 'కృష్ణా వ్యూ రూమ్' అని చెప్పి రోజుకి 2,200 తీసుకున్నారు. తీరా కిటికీ తెరిస్తే పక్క బిల్డింగు డ్రైనేజీ పైపులు. కిందికెళ్లి అడిగితే "టెర్రస్ మీదికెళ్తే కృష్ణ కనిపిస్తుంది మేడం" అన్నారు. వేడినీళ్లు పొద్దున 6 నుంచి 7 వరకేనట, ఆ సంగతి 7 దాటాక చెప్పారు. అత్తయ్య చన్నీళ్లే పోసుకుంది. ఒక్క మాట అనలేదు, కానీ టిఫిన్ దగ్గర కూడా ముభావంగానే ఉంది.

ఆ లాడ్జి రిసెప్షన్ గోడ నిండా ఉండవల్లి స్వామి ఫొటో పెట్టారు. ఆరడుగులకి పైనే వెడల్పు ఉంటుంది. వెనక లైట్లు, రాయి మొత్తానికి బంగారు రంగు. మా వారు దాని ముందు నిలబడి ఫొటో దిగి, "రేపు ఇదే చూడబోతున్నాం" అని వాళ్ల ఆఫీసు గ్రూపులో పెట్టారు కూడా. ఆ ఫొటో మరుసటి రోజు మాకెంత అన్యాయం చేస్తుందో అప్పుడు తెలియలేదు.

కారు కూడా ఆ రిసెప్షన్ వాళ్లు చూపించిన మనిషి దగ్గరే మాట్లాడుకున్నాం. ఒక రోజుకి గైడుతో కలిపి 4,800. ఉండవల్లి, అమరావతి స్తూపం, మ్యూజియం, ధ్యానబుద్ధుడు అన్నీ కవరవుతాయన్నాడు. ముందే 3,000 ఇచ్చేశాం. ఈ తప్పు మీరు చేయకండి.

ప్రకాశం బ్యారేజీ దాటితే ఉండవల్లి ఎంతో దూరం లేదు. టికెట్ మనిషికి 25. కొండని తొలిచి అంతస్తులు అంతస్తులుగా మలిచిన గుహాలయం, విష్ణుకుండిన రాజుల కాలం నాటిదని చెబుతారు. స్వామి పైఅంతస్తులో పడుకుని ఉంటాడు. కిందినుంచి పైకి చేరేదాకా గైడు నోరు మూయలేదు. ఎక్కడ నిలబడితే ఫొటో బాగా వస్తుందో, ఏ స్తంభం దగ్గర రీల్స్‌కి లైకులొస్తాయో, ఏ సినిమావాళ్లు వచ్చి వెళ్లారో. స్వామి దగ్గరికి రాగానే సెల్‌ఫోన్ లైటు వేసి తలవైపు ఒకసారి, కాళ్లవైపు ఒకసారి తిప్పాడు. అంతే, రెండు నిమిషాలయిపోయాయి.

లోపల చీకటి. రాయి రాయి రంగులోనే ఉంది, బంగారం ఎక్కడా లేదు. మా వారు బయటికొచ్చి, "లాడ్జిలోదే బాగుంది" అన్నారు. ఆయన్ని తప్పుపట్టను. ఆయన చూడ్డానికొచ్చింది ఆ ఫొటోని. అది కనిపించలేదు. కళ్లెదుట ఉన్నదాన్ని చూసే వీలు ఎవరూ ఇవ్వలేదు.

అక్కణ్నుంచి అమరావతి. బెజవాడ నుంచి సుమారు 40 కిలోమీటర్లు. మ్యూజియం గేటుకి తాళం వేసి ఉంది. శుక్రవారం సెలవు! గేటు పక్కన బోర్డు మీద రాసే ఉంది. రోజూ ఇదే పని చేసుకునే మనిషికి ఆ సంగతి తెలియదంటే ఎలా నమ్మాలి? కారు మాట్లాడిన మనిషికి ఫోన్ చేస్తే, "మ్యూజియంలో ఏముంది మేడం, విరిగిన రాళ్లు. పెద్ద బుద్ధుణ్ని చూపించేస్తారు, ఫొటోలు అదిరిపోతాయి" అన్నాడు. 125 అడుగుల ధ్యానబుద్ధుణ్ని చూశాం, ఫొటోలు బాగానే వచ్చాయి. మిగతా 1,800 ఇవ్వనని గొడవ పెట్టుకున్నాను. లాడ్జివాళ్లు అతని పక్షమే మాట్లాడారు. చివరికి 500 తగ్గించారు. డబ్బు కంటే 'విరిగిన రాళ్లు' అన్న మాటే ఎక్కువ బాధ పెట్టింది.

ఆ రాత్రి పారిస్‌లో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడికి ఫోన్ చేసి అంతా చెప్పుకున్నాను. "నా మోనాలిసా కథ కూడా ఇదే అక్కా" అన్నాడు. గంటన్నర క్యూలో నిలబడ్డాడట. తీరా దగ్గరికెళ్తే 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 సెంటీమీటర్ల వెడల్పున్న చిన్న బొమ్మ, మందపాటి అద్దం, మధ్యలో వందల ఫోన్లు. 1911లో ఆ బొమ్మని దొంగిలించినప్పుడు ఖాళీ గోడని చూడ్డానికి కూడా జనం వరస కట్టారని, ఆ దొంగతనం తర్వాతే దాని పేరు ఇంటింటికీ తెలిసిందని చెప్పాడు. రద్దీకి తట్టుకోలేక దానికి విడిగా గది కట్టిస్తామని 2025 జనవరిలో ఫ్రాన్స్ అధ్యక్షుడు మక్రాన్ ప్రకటించాడు కూడా. "అంత పేరొచ్చాక ఇంక అందులో చూడ్డానికేం మిగలదక్కా, పేరే మిగులుతుంది" అన్నది వాడి అభిప్రాయం.

ఫోన్ స్పీకర్లో ఉంది. అంతవరకూ పడుకుని వింటున్న అత్తయ్య లేచి కూర్చుంది.

"జనం వచ్చారని వెంకన్న తగ్గిపోయాడా బాబూ?"

"తిరపతిలో కూడా తోసేస్తారు కదండీ. అక్కడ రెండు నిమిషాలు కూడా నిలబడనివ్వరు" అన్నాడు వాడు.

"తోస్తారు. కానీ పది గంటలు క్యూలో ఆయన్నే తలుచుకుంటూ నిలబడతాం. పక్కవాళ్లు గోవిందా అంటే మనమూ అంటాం. ఆ పది గంటలూ చూసినట్టే. ఇవాళ ఆ పిల్లాడు నన్ను తలుచుకోనివ్వలేదు. మెట్లెక్కుతున్నంతసేపూ సినిమావాళ్ల కబుర్లే."

తమ్ముడు ఇంకేం అనలేదు. నాకు మాత్రం ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. పేరు వేరు, ప్రచారం వేరు అని అంతవరకూ విడదీసి ఆలోచించలేదు నేను. పది మంది చూసి, తలుచుకుని, పిల్లలకి చెప్తే వచ్చేది పేరు. దాంతో శిల్పానికి బలమే వస్తుంది. ప్రచారం చేసేవాడు మనం వెళ్లకముందే చూపు అరువిచ్చి పంపిస్తాడు. ఇలా కనబడుతుంది, ఇలా అనిపిస్తుంది, ఇక్కణ్నుంచి ఫొటో తీయి అంటాడు. అసలు దాని దగ్గరికి చేరేసరికి మన సొంత చూపు మిగలదు.

శనివారం కారూ వద్దు, గైడూ వద్దనుకుని పండిట్ నెహ్రూ బస్టాండ్లో ఆర్టీసీ బస్సెక్కాం. స్త్రీశక్తి పథకం కింద నాకూ అత్తయ్యకూ సున్నా టికెట్, మా వారికి 60. ఆధార్ దగ్గర పెట్టుకోండి, అడుగుతారు. మ్యూజియం టికెట్ 5 రూపాయలు. ఐదంటే ఐదే.

నిజమే, లోపల చాలావరకు విరిగిన రాళ్లే. అమరావతి మహాచైత్యాన్ని, అంటే అక్కడి బౌద్ధ స్తూపాన్ని, జనం రాళ్ల కోసం తవ్వుకుపోయారు. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాల పలకలు ముందు మద్రాసు చేరాయి. వాటిలో చాలా భాగం 1859లో లండన్ వెళ్లి, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. నలగిరి ఏనుగు మదమణిగి బుద్ధుడి ముందు వంగే ఆ ప్రఖ్యాత శిల్పం చెన్నై మ్యూజియంలో ఉంది. సొంతూళ్లో మిగిలింది తక్కువ. ఆ తక్కువే మాకు రెండు గంటలు పట్టింది.

అందులో చాలాసేపు మా వారివల్లే. ఆయన ప్రభుత్వ ఉద్యోగి. ఒక పలక మీద చెక్కిన పూర్ణఘటం, అంటే పూలు నిండిన కుండ, ముందు ఆగిపోయారు. నేను రెండో గది చూసి వెనక్కొచ్చినా అక్కడే ఉన్నారు.

"22 ఏళ్లుగా ఈ కుండ ఉన్న కాగితాల మీదే సంతకం పెడుతున్నాను" అన్నారు.

మన రాష్ట్ర చిహ్నంలో ఉండేది పూర్ణఘటమే. 2018లో అమరావతి శిల్పాన్ని చూసి కొత్త చిహ్నం తయారుచేసినప్పుడు కూడా నడిమధ్య దాన్నే ఉంచారు. అంతకంటే అరిగిపోయిన బొమ్మ ఏముంటుంది? మెమోల మీద, సర్టిఫికెట్ల మీద, ఆఫీసు బోర్డుల మీద అదే. ఆయన మాత్రం వంగి దగ్గరగా చూస్తున్నారు. కుండ మూతిలోంచి తామరలు పైకి పొంగుతున్నాయి. విచ్చినవి కొన్ని, మొగ్గలు కొన్ని. ఒక మొగ్గ సగం ఇంకో పువ్వు వెనక దాగుంది. ఆ సగం కోసం రాతిని ఇంకో పొర లోపలికి తొలిచారు. కింద ఒక ఆకు అంచు కొద్దిగా మడత పడింది, నిజం ఆకు వాడినప్పుడు పడినట్టే. "లెటర్‌హెడ్‌లో ఈ మడత ఉండదు" అన్నారు. తిరపతి క్యూ పది గంటలదైతే ఆయన క్యూ 22 ఏళ్లది. ఆ బొమ్మకి అంత పేరు లేకపోతే, అన్ని కాగితాల మీద ఉండకపోతే, ఆయన ఆ పలకని దాటుకుని వెళ్లిపోయేవారు.

గుడి దగ్గర ఒక చిన్న మెస్సులో భోజనం చేశాం. 120కి ముద్దపప్పు, దొండకాయ వేపుడు, గోంగూర పచ్చడి, పక్కన పచ్చి ఉల్లిపాయ. వడ్డించినావిడ మా అత్తయ్యని "పెద్దమ్మా, ఇంకొంచెం నెయ్యి" అని అడిగి మరీ వేసింది. రెండు రోజుల్లో అత్తయ్య నవ్వడం అదే మొదటిసారి.

ఆదివారం మధ్యాహ్నం రైలు. "ఉండవల్లి ఇంకోసారి వెళ్దామా?" అని మా వారే అడిగారు. రానూపోనూ ఆటో 500, మళ్లీ 25 చొప్పున టికెట్లు. ఆదివారం కావడంతో శుక్రవారం కంటే మూడింతలు జనం. కాలేజీ పిల్లలు, పెళ్లి ఫొటోల జంట, ఏదో ఊరి నుంచి డీసీఎం వ్యానులో వచ్చిన ముప్పై మంది. మెట్ల మీద ఎవరూ మాతో మాట్లాడలేదు, అత్తయ్య గోవింద నామాలు చదువుకుంటూ ఎక్కింది.

లోపల గోడవారన కూర్చున్నాం. చీకటికి కళ్లు అలవాటు పడటానికి పది నిమిషాలు పట్టింది. ముందు తల మీద పడగలు తేలాయి. తర్వాత భుజం. తర్వాత నిద్రలో ఉన్న మనిషికుండే ఆ బరువు, ఒళ్లంతా వదిలేసిన బరువు, రాతిలో. ఆ ఊరి వాళ్లలో ఒకావిడ మనవణ్ని ఎత్తుకుని "తాత బజ్జున్నాడు, గట్టిగా మాట్లాడకు" అని చెవిలో చెప్పింది. వాడు నిజంగానే నోటి మీద వేలు పెట్టుకున్నాడు. మా వారు ఫోన్ జేబులోంచి తీయలేదు.

అత్తయ్య కిందికి దిగేసరికి 11:40. ఆటో అతనికి వెయిటింగ్ కింద ఇంకో 100 ఇచ్చాం. ఈ మూడు రోజుల్లో ఇచ్చేటప్పుడు మనసు చివుక్కుమనని డబ్బు, ఆ మెస్సు భోజనం తర్వాత, అదే.