శ్రీశైలం నుంచి గండికోట దాకా బైకు మీద, నడుము మాట వింటూ

హైదరాబాద్ నుంచి శ్రీశైలానికి బైకు మీద వెళ్తున్నాం అంటే ఇంట్లో అందరూ ఘాట్ రోడ్డు గురించే జాగ్రత్తలు చెబుతారు. సీటు మీద కూర్చునేవాడి నడుముని అడిగితే మాత్రం ఘాట్ మీద దానికి ఒక్క ఫిర్యాదు కూడా ఉండదు. అది తిట్టుకునేది తుక్కుగూడ దాటాక కడ్తాల్, ఆమనగల్లు, కల్వకుర్తి మీదుగా తిన్నగా సాగే రోడ్డుని. మలుపులు తక్కువ, గేరు మార్చే పని తక్కువ, బ్రేకు అవసరం ఎప్పుడో ఒకసారి. ఒంట్లో ఏ భాగమూ కదలదు. బరువంతా పిరుదుల కింద ఉండే రెండు ఎముకల మీదే పడుతుంది. అక్కడి చర్మానికీ కండకీ రక్తం సరిగా ఆడదు. మొదట మంట, తర్వాత తిమ్మిరి, ఆ తర్వాత మనిషి సీటు మీద అటూ ఇటూ జరగడం మొదలుపెడతాడు. అదే మన్ననూరు దాటి అడవిలోకి వెళ్తే ప్రతి మలుపుకీ ఒళ్లు ఒక పక్కకి ఒరుగుతుంది, మోకాళ్లు ట్యాంకుని నొక్కుతాయి, కాళ్లు ఫుట్‌రెస్టుల మీద బలంగా ఆనతాయి. బరువు చోటు మారుతూ ఉంటుంది కాబట్టి నొప్పి ఒకే చోట కూర్చోదు.

ఇది తెలిశాకే మా దారి వేసుకున్నాం. హైదరాబాద్ నుంచి శ్రీశైలం, అక్కణ్ణించి దోర్నాల, ఆత్మకూరు మీదుగా నంద్యాల, మహానంది, తర్వాత బెలుం గుహలు, గండికోట. తిరుగు ప్రయాణం తాడిపత్రి, గుత్తి, కర్నూలు మీదుగా. కార్తీక మాసం రద్దీ అయిపోయాక డిసెంబరులో బయల్దేరాం. నేనూ మా ఆవిడా రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 మీద, మా బావమరిది తన బండి మీద. వాడిది ముందుకి వంగి నడిపే రకం, సీటు పలక మీద కూర్చున్నట్టుంటుంది. కుర్రాడు కాబట్టి, "బావా, నాకు ఈ మెత్తలూ గిత్తలూ ఏమీ అక్కర్లేదు" అన్నాడు. కల్వకుర్తి దగ్గర టీ తాగడానికి ఆగినప్పుడు నిలబడే తాగాడు.

సీటు సంగతి ముందు చెప్పేస్తాను. మెత్తగా ఉంటే సుఖంగా ఉంటుందనుకోవడం షోరూంలో కూర్చున్న పది నిమిషాల వరకే నిజం. మరీ మెత్తని ఫోమ్ బరువుకి అణిగిపోయి, గంట తర్వాత కింద ఉన్న ప్లాస్టిక్ బేస్ ఎముకలకి తగులుతుంది. కాస్త గట్టిగా, వెడల్పుగా ఉండి, బరువుని తొడల దాకా పంచే సీటే దూరం మోస్తుంది. హైదరాబాద్‌లో పుత్లీబౌలి వైపు సీట్లు కుట్టేవాళ్ల దగ్గర గట్టి ఫోమ్ వేయించి, వెనక భాగం కొంచెం వెడల్పు చేయించాను. ముందు భాగాన్ని వెడల్పు చేయించొద్దు. చేయిస్తే సిగ్నల్ దగ్గర కాళ్లు నేలకి అందవు.

పైన వేసుకునే మెత్తల్లో జెల్ ప్యాడ్ వాడి చూశాను. నీడలో బాగానే ఉంటుంది, ఎండలో బండి పార్క్ చేసి వస్తే అట్ల పెనమే. గాలి నింపే గదుల ప్యాడ్ నాకు బాగా నప్పింది. దాన్ని గట్టిగా ఊది వాడితే బండి మీద పట్టు పోతుంది. పూర్తిగా ఊది, మీద కూర్చుని, కింద సీటు తగులుతుందా తగలదా అన్నంత వరకు గాలి వదలాలి. లారీ డ్రైవర్లు వేసుకునే చెక్కపూసల చాప కూడా ఎండాకాలం మంచిదే, గాలి ఆడుతుంది. ఎముకలు పైకి తేలిన సన్నటి మనుషులకి మాత్రం గుచ్చుకుంటుంది.

బట్టల విషయంలో ఒక్క మాట. జీన్స్ ప్యాంటులో నాలుగు కుట్లు కలిసే చోటు సరిగ్గా కూర్చునే చోటే. దాని కింద చెమటకి తడిసిన నూలు లోదుస్తు కూడా ఉంటే వంద కిలోమీటర్లలో తొడలు ఒరుసుకుపోతాయి. చెమట పీల్చి త్వరగా ఆరే లోదుస్తు, పైన కుట్లు పలచగా ఉన్న ప్యాంటు, బయల్దేరే ముందు తొడల లోపలివైపు కాస్త వ్యాజలైన్. సైకిల్ వాళ్లు వేసుకునే మెత్త నిక్కరు కూడా పనికొస్తుంది. దుకాణంలో అడగడానికి మొహమాటపడకండి.

మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. ఆ టైముకి అందుకోవాలని పరుగు పెడితే సుఖం గిఖం ఏమీ ఉండదు. తెల్లవారుజామున ఇంట్లో బయల్దేరితే ఆ టెన్షన్ ఉండదు. పెట్రోలు కల్వకుర్తిలోనే నింపుకోవడం మేలు. అడవిలో వేగం తక్కువగానే పోవాలి, కోతులు రోడ్డు మధ్యే సభ పెడతాయి. దోమలపెంట దగ్గర కృష్ణ మలుపులు చూడటానికి ఆగాం. వ్యూ పాయింట్ దాకా నడిచే ఆ కాస్త దూరం కాళ్లకి మందులా పనిచేసింది.

శ్రీశైలంలో సత్రంలో దిగాం. గది చిన్నది, ఇనప మంచం, పలచటి పరుపు. మా బావమరిది మొహం చిట్లించాడు గానీ, రోజంతా బండి మీద ఊగిన నడుముకి అంతకంటే మంచి పరుపు లేదు. వేడినీళ్లు పొద్దున కొద్దిసేపే వస్తాయన్నారు, రాత్రి చన్నీళ్లే. బండి గదికి దూరంగా పెట్టాల్సి వచ్చింది, సామాను మోసుకుంటూ మెట్లెక్కాం. ఇక్కడ గది దొరకడం కష్టం, ముందుగానే బుక్ చేసుకోవాలి. హెల్మెట్లు, జాకెట్లు గదిలోనే పడేసి దర్శనానికి వెళ్లండి. క్లోక్‌రూం క్యూలో హెల్మెట్ చంకన పెట్టుకుని నిలబడటం కంటే మెట్లు ఇంకోసారి ఎక్కడమే నయం.

శ్రీశైలం నుంచి దోర్నాల, అక్కణ్ణించి ఆత్మకూరు. ఈ యాత్రలో నా మార్కులన్నీ ఈ ముక్కకే. దట్టమైన నల్లమల, మలుపుల రోడ్డు, వాహనాలు తక్కువ. ఇటు కూడా రాత్రిళ్లు గేటు పడుతుంది కాబట్టి పగలే దాటాలి. ఒకటే లోపం, ఆడవాళ్లకి బాత్రూం సౌకర్యం చాలా దూరం వరకు లేదు. ఆ భయంతో మా ఆవిడ నీళ్లు తాగడం మానేసింది. ఆత్మకూరు చేరేసరికి తలనొప్పి. ఒంట్లో నీరు తగ్గితే కండరాలు తొందరగా పట్టేస్తాయి, నడుం నొప్పి అనుకునే దానిలో కొంత దాహం కూడా ఉండొచ్చు. దోర్నాలలో బంకు దగ్గర పని ముగించుకుని, దారి పొడుగునా కొంచెం కొంచెంగా తాగడమే మార్గం. ఒకేసారి లీటరు తాగితే మళ్లీ అదే సమస్య.

వెనక కూర్చునేవాళ్ల సంగతి ఎవరూ రాయరు. నడిపేవాడికి హ్యాండిల్ ఉంది, మలుపు ముందే కనిపిస్తుంది, గతుకు వస్తే కాస్త లేస్తాడు. వెనక కూర్చున్నవాళ్లకి ఏదీ తెలీదు. "ఏమండీ, స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడు మీరు లేస్తారు, నన్ను మాత్రం ఎగరేస్తారు" అంది మా ఆవిడ. నిజమే. అప్పటినుంచి గతుకు కనబడగానే మోకాలి మీద తట్టి చెబుతున్నాను, తనూ ఫుట్‌రెస్టుల మీద బరువు వేసి కాస్త లేస్తోంది. చుడీదార్ వేసుకుని రెండువైపులా కాళ్లు వేసి కూర్చుంటేనే దూరప్రయాణం. ఒక పక్కకి కూర్చుంటే వెన్ను గంటలకొద్దీ మెలితిరిగే ఉంటుంది. బ్యాగుని తనకీ నాకూ మధ్య పెట్టకుండా వెనక క్యారియర్ మీద కట్టాం. అదే వీపుకి ఆనుకోవడానికి కూడా పనికొచ్చింది. భుజాన బ్యాగు వేసుకుని నడిపే అలవాటు ఉన్నవాళ్లు ఒకసారి దాన్ని బండికి కట్టి చూడండి. మెడనొప్పి సగం అక్కడే తీరుతుంది.

నంద్యాలలో ఒక మెకానిక్ దగ్గర ఇద్దరి బరువుకీ సామానుకీ తగ్గట్టు వెనక షాకబ్జార్లు కాస్త బిగింపించాను. పది నిమిషాల పని, చిల్లర ఖర్చు. ఇద్దరెక్కినా షాకబ్జార్లు ఒంటరి మనిషి సెట్టింగులోనే ఉంటే గుంటల్లో వెనకభాగం కిందకి కూలబడి, ఆ దెబ్బంతా వెన్నులోకి వస్తుంది. అతనే గాలి కూడా చూసి, వెనక టైరులో తక్కువుందని నింపాడు. ఎంత ఉండాలో బండి మీద స్టిక్కరులో ఉంటుంది. ఇద్దరెక్కితే అంకె వేరు.

లాడ్జి విషయానికొస్తే, బస్టాండు దగ్గర ఒక కొత్త లాడ్జిలో ఏసీ గది తీసుకున్నాం. శ్రీశైలం సత్రానికి ఎన్నో రెట్లు అద్దె. నిగనిగలాడే స్నానాల గది, ఎప్పుడు తిప్పినా వేడినీళ్లు. మంచం మాత్రం స్పాంజి ఊబి. నడుము మునిగిపోయి, పొద్దున లేచేసరికి శ్రీశైలంలో లేని నొప్పి ఇక్కడొచ్చింది. సెల్లార్ పార్కింగుకి దిగే వాలు మీద నున్నటి టైల్స్ వేశారు, తడిగా ఉంటే రెండొందల కిలోల బండితో దిగడం గుండెలదిరే వ్యవహారం. గది చూపించేటప్పుడు టీవీ ఆన్ చేసి చూసే బదులు మంచం మీద పడుకుని చూడండి.

ఆ నొప్పి తీర్చింది మహానంది. నంద్యాలకి దగ్గరే. గుడి బయట కోనేట్లో నీళ్లు అద్దంలా ఉంటాయి, ఏడాది పొడుగునా ఊట ఆగదు. ఛాతీ లోతు నీళ్లలో నిలబడి నడుముని అటూ ఇటూ తిప్పుతుంటే బరువు తెలియదు. ఈ యాత్రలో అన్నిటికంటే మంచి సర్వీసు ఇదే, దీనికి బిల్లు కూడా లేదు. తడి బట్టలతో మాత్రం బండి ఎక్కొద్దు, మార్చుకోవడానికి ఒక జత విడిగా పెట్టుకోండి.

బనగానపల్లె నుంచి కొలిమిగుండ్ల వైపు రోడ్డు నాపరాళ్ల లారీలది. దుమ్ము. ఇక్కడ హెల్మెట్ వైజరు మూసుకుని, లారీ వెనక వేలాడకుండా వదిలెయ్యడం తప్ప చిట్కా ఏమీ లేదు. బెలుం గుహలు మూడు కిలోమీటర్లకి పైగా పొడవైతే, జనం తిరగడానికి కిలోమీటరున్నర వరకు తెరిచారు. లోపల ఉక్క. గాలి పంపే ఏర్పాటు ఉన్నా చెమటలు కారుతూనే ఉంటాయి. రైడింగ్ జాకెట్, మోకాలి గార్డులతో లోపలికి వెళ్తే నరకం, అవి బండికే తాళం వేసి వెళ్లాం. బండి మీద బిగుసుకుపోయిన తొడ కండరాలకి ఆ వంగి నడవడం, మెట్లు దిగడం ఎక్కడం బాగానే పనిచేశాయి. అప్పటికే మోకాళ్ల నొప్పులున్నవాళ్లు సగం దాకా వెళ్లి వెనక్కి రావచ్చు.

గండికోటలో రెండు రకాల బస చూశాం. మేమిద్దరం పర్యాటక శాఖవారి హరిత హోటల్లో, మా బావమరిది సూర్యోదయం కోసం లోయ పక్కన ఎవరో వేసిన టెంటులో. హరితలో బండి గదికి దగ్గరగా పెట్టుకోవచ్చు, సామాను దించడం తేలిక. టెంటులో కింద పలచటి షీటు, దాని కింద రాళ్లు, రాత్రంతా గాలికి గుడ్డ కొట్టుకుంటూనే ఉందట. బాత్రూం అందరికీ ఒక్కటే. పొద్దున పెన్నా లోయ మీద వెలుగు మాత్రం వాడే ముందు చూశాడు. "బావా, ఫోటోకి పది, నిద్రకి సున్నా" అని తీర్పిచ్చాడు. నిద్ర సరిగా లేనివాడికి సీటు ఎంత మంచిదైనా లాభం లేదు. ఆ రోజు ఎక్కువ సార్లు ఆగింది వాడి కోసమే. మీకు కుదిరితే గదిలో పడుకుని చీకటితోనే నడిచి రండి. రంగనాథస్వామి గుడి దాటాక ఎర్రటి బండల మీద చోటుకేం కొదవ లేదు.

తాడిపత్రి మీదుగా గుత్తి చేరి 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కామో లేదో మళ్లీ అదే కథ, నున్నటి తిన్నటి రోడ్డు. బావమరిదికి మణికట్లు లాగాయి, చిటికెన వేళ్లు తిమ్మిరెక్కాయి. ముందుకి వంగిన బండి మీద పొట్ట కండరాలతో నిలవకుండా బరువంతా చేతుల మీద వేస్తే వచ్చేది ఇదే. హ్యాండిల్‌ని గట్టిగా పట్టుకోవడం మానేసి, మోచేతులు వదులు చేసి, మోకాళ్లతో ట్యాంకుని పట్టమన్నాను. క్లచ్, బ్రేకు లివర్లు కాస్త కిందకి తిప్పి, వేళ్లు చాచినప్పుడు మణికట్టు వంగకుండా సరిచేశాం. డోన్ చేరేసరికి తేడా తెలిసిందన్నాడు. యాక్సిలరేటర్ మీద అరచేయి ఆనించే ప్లాస్టిక్ ముక్క ఒకటి దొరుకుతుంది, ఇలాంటి హైవే మీద హాయి. ఊళ్లలోకీ ఘాట్‌లోకీ వచ్చేముందు తీసెయ్యాలి. తెలియకుండా చెయ్యి ఆనితే బండి ముందుకి దూకుతుంది.

హైవే మీద మేం పెట్టుకున్న పద్ధతి, గంటకొకసారి ఆగడం. నొప్పి వచ్చాక ఆగితే పది నిమిషాల విశ్రాంతికి ఆ నొప్పి పోదు. నొప్పి రాకముందే దిగి ఐదు నిమిషాలు నడిస్తే చాలు. దిగి ఫోను చూస్తూ మళ్లీ కుర్చీలో కూర్చుంటే ఆగినట్టే కాదు. మధ్యాహ్నం ఉగ్గాని బజ్జీతో సరిపెట్టుకున్నాం. బిర్యానీ రాత్రికి వాయిదా వేశాం, కడుపు నిండా తిని ఎండలో తిన్నటి రోడ్డు మీద నడిపితే నిద్ర ముంచుకొస్తుంది.

గండికోట నుంచి హైదరాబాద్‌కి ఇటువైపు నాలుగొందల కిలోమీటర్ల పైమాటే. ఒకే రోజులో వచ్చేసేవాళ్లున్నారు. మేం కర్నూల్లో ఆగాం. మామూలు లాడ్జి, గట్టి పరుపు, రోడ్డు చప్పుడు. పొద్దున ఆరింటికి బయల్దేరితే రోడ్డు ఖాళీ, టోల్ గేట్ల దగ్గర బైకులకి పక్క దారి ఉంది, డబ్బు కట్టక్కర్లేదు. జడ్చర్లలో టిఫిన్ చేశాం. సాయంత్రం వస్తే షాద్‌నగర్ దాటినప్పటి నుంచి క్లచ్ నొక్కి నొక్కి ఎడమ చెయ్యి పడిపోతుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీదకి బైకుల్ని రానివ్వరు, ఊళ్లోంచో సర్వీస్ రోడ్డు మీదో పోవాల్సిందే. అందుకే ఈ చివరి ముక్కని పొద్దుటికే ఉంచుకోండి, ఆదివారం సాయంత్రానికి అసలు పెట్టుకోవద్దు.