బుర్గోన్ ద్రాక్షతోటల్లో సైకిల్ మీద మూడు రోజులు

ఫ్రాన్సులో వైన్ అంటే మాకు మొదట గుర్తొచ్చింది బోర్డోనే. చివరికి బుర్గోన్ వైపు మొగ్గింది రైలు వల్ల. పారిస్‌లోని గార్ ద లియోన్ స్టేషన్ నుంచి డిజోన్‌కి టీజీవీ అనే వేగపు రైల్లో గంటన్నర పైచిలుకు, అక్కణ్ణుంచి చిన్న రైల్లో బోన్ అనే ఊరు. కారు అద్దెకు తీసుకునే పనే లేదు. పైగా బోన్ నుంచి దక్షిణంగా సాంత్‌నే దాకా తోటల మధ్యగా సైకిల్ బాట ఉంది, సుమారు 22 కిలోమీటర్లు. ఊరికీ ఊరికీ మధ్య రెండు మూడు కిలోమీటర్లే.

మొదటి రాత్రి తోటల్లోని ఒక పల్లెలో, ఇంటివాళ్లే అద్దెకిచ్చే గదిలో దిగాం. కిటికీ తీస్తే ద్రాక్షే. సాయంత్రం మాత్రం భోజనానికి ఊళ్లో ఒక్క తలుపూ తెరిచి లేదు. ఏడు కిలోమీటర్లు తొక్కి బోన్ వెళ్లి తిని, చీకట్లో వెనక్కి రావాల్సి వచ్చింది. మిగతా రెండు రాత్రులు బోన్‌లో, స్టేషన్‌కి నడిచి వెళ్లగలిగే చోట ఉన్నాం. అందం తగ్గింది, ప్రాణం హాయిగా ఉంది.

సైకిళ్ల దగ్గర పిసినారితనం చేశాం. మా ఆవిడకి బ్యాటరీది, నాకు మామూలుది. కొట్టువాడు బ్రేకులు సరిచూడకుండానే ఇచ్చాడు. అద్దెకు తీసుకునే ముందు ఒక చుట్టు తొక్కి చూడండి. ఆ బాట చదునుగా ఉంటుందనుకుంటే పొరపాటే. అసలు అక్కడ వైన్ అంతస్తంతా వాలుదే. రోడ్డు పక్క పల్లపు నేలలో మామూలు రకం, కొండ నడిమి ఎత్తున తూర్పుకి తిరిగిన వాలులో ప్రీమియే క్రూ, గ్రాన్ క్రూ అనే పై తరగతులు. పుస్తకంలో చదివితే బుర్రకెక్కనిది తొడల నొప్పితో అర్థమైంది. తోటలో ప్రతి చెక్కకీ ఒక పేరు. మన పల్లెల్లో ‘దిబ్బచేను’, ‘చెరువుకింద మడి’ అన్నట్టే. వాళ్లు వాటిని క్లిమా అంటారు. 2015లో యునెస్కో వాటిని వారసత్వ జాబితాలో చేర్చింది.

మా పెద్ద తప్పు మొదటి రోజే మూడు చోట్ల వైన్ రుచిచూపులు పెట్టుకోవడం. పొమార్ అనే పల్లెలో రెండోది ముగిసేసరికి ఎండ నెత్తిమీదుంది. తర్వాతి పల్లె వొల్నే ఎగువన ఉంటుంది. దిగి, తోసుకుంటూ వెళ్లాను. రుచి చూసిన వైన్ ఉమ్మేయడానికి పక్కన పాత్ర పెడతారు. మొహమాటపడి మింగేశాను. అక్కడ అందరూ ఉమ్ముతారు, తోట యజమానితో సహా. రక్తంలో లీటరుకి అర గ్రాము ఆల్కహాల్ అన్న పరిమితి సైకిల్ తొక్కేవాళ్లకీ వర్తిస్తుంది. రోజుకి రెండు చాలు, రెండోది తొక్కడం అయిపోయాకే. చిన్న తోటల వాళ్లకి ముందుగా మెయిల్ పెట్టాలి. పన్నెండు నుంచి రెండు దాకా తలుపులు మూసేస్తారు. సెప్టెంబరులో కోతలుంటే మనల్ని పలకరించే తీరిక ఎవరికీ ఉండదు. మేం వెళ్లింది మే చివర.

మా ఆవిడ మాంసం ముట్టదు. గుజేర్ అనే చీజు బోండాలు, కోంతే చీజు, రొట్టెతో నెట్టుకొచ్చింది. శనివారం బోన్ సంతలో కొనుక్కున్న స్ట్రాబెర్రీలే ఆమెకి యాత్ర మొత్తంలో గొప్ప భోజనం. మెనూలో ‘అండుయెట్’ కనిపిస్తే జాగ్రత్త, అది పేగులతో చేసిన సాసేజ్.

బోన్‌లో ఓస్పీస్ మాత్రం వదలొద్దు. 1443లో నికొలా రోలాఁ పేదల కోసం కట్టించిన ఆసుపత్రి అది, లోపలి ముంగిలి వైపు పైకప్పు రంగురంగుల పెంకులే. మన గుళ్లకి మాన్యాలు రాసిచ్చినట్టు దానికి జనం ద్రాక్షతోటలు రాసిచ్చారు. ఆ వైన్‌ని ఏటా నవంబరు మూడో ఆదివారం వేలం వేస్తారు.

మూడో రోజు మెర్సో, పులిన్యీ మీదుగా వెళ్లాం. పేరుమోసిన గ్రాన్ క్రూ తోట మోంరాషే గోడకి సైకిల్ ఆనించి కాసేపు కూర్చున్నాం. మొత్తం 8 హెక్టార్లు, అంటే ఇరవై ఎకరాలు. మా తాతగారి మెట్ట అంతకంటే ఎక్కువే, అందులో కందులు తప్ప ఏమీ పండలేదు. ఆ వైన్ కొనే స్థోమత మాకు లేదు, పక్క చెక్కదే మధ్యాహ్నం ఒక గ్లాసు తాగాం. సాంత్‌నే నుంచి కాలువ గట్టు మీదుగా షాన్యీ చేరి, సైకిళ్లతోనే రైలెక్కి బోన్ వచ్చేశాం. ఈసారి అక్టోబరులో ఉత్తరాన నుయి వైపు వెళ్లాలని ఉంది, ఇద్దరికీ బ్యాటరీ సైకిళ్లతో.