తొమ్మిదో తరగతి అసైన్‌మెంట్‌కి ‘బారిష్టర్ పార్వతీశం’ తీసుకున్నాం, మొదటి భాగం చాలు

సెలవుల్లో ఏదైనా ఒక తెలుగు నవలో కథో చదివి నాలుగు పేజీలు రాసుకురమ్మని మావాడికి బళ్లో చెప్పారు. ఏ పుస్తకమో చెప్పలేదు. వాడు అన్నిటికంటే సన్నటిది ఇప్పించమన్నాడు. సరే కదా అని ఒక నీతికథల పుస్తకం తెచ్చాను, గంటలో చదివేశాడు, తీరా రాయబోతే అరపేజీ దాటలేదు. అందులో మంచివాడు మొదట్నించీ మంచివాడే, ఇంక రాయడానికేముంది!

అప్పుడు మొక్కపాటి నరసింహశాస్త్రి గారి పార్వతీశాన్ని తెచ్చాను. 1920ల నాటి పుస్తకం, భాష కొరుకుడు పడదేమో అని టెన్షన్ పడ్డాను కానీ ఆ బెంగ అక్కర్లేదు, పార్వతీశమే తన కథ చెప్పుకుపోతాడు, ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్తున్నట్టే ఉంటుంది. మొగల్తూరు కుర్రాడు బారిష్టరు చదువుదామని ఇంగ్లండు బయల్దేరడం, ఇదీ కథ. రూపాయికి పదహారణాలని మాత్రం ఒక కాగితం మీద రాసిచ్చాను.

మొదటి కొన్ని పేజీలు వాడితో పాటు కూర్చుని చదివాను. టోపీ దగ్గరికొచ్చేసరికి నాతో పనిలేకపోయింది. దొరల టోపీ అనుకుని ఆడవాళ్ల టోపీ కొనుక్కుంటాడు చూడండి, అక్కడ మావాడు నవ్వాపుకోలేక పుస్తకం పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తి వాళ్ల నానమ్మకి పైకి చదివి వినిపించాడు. కాసేపటికి వాడే, “పాపం, అడుగుదామంటే పక్కన తెలిసినవాళ్లు లేరు కదా నానమ్మా” అన్నాడు. ఆ మాట మీదే రాయమన్నాను. కొత్త బళ్లో చేరిన మొదటి రోజు తనకి ఎలా ఉందో కూడా కలిపి ఐదు పేజీలు రాశాడు. ఎక్కడా చూసి రాయలేదు.

మూడు భాగాలూ కలిపి ఉన్న పుస్తకం మాత్రం పిల్లల చేతికివ్వకండి, ఆ లావు చూసే పక్కన పెట్టేస్తారు. బారిష్టరై తిరిగొచ్చాక ప్రాక్టీసు, స్వాతంత్ర్యోద్యమం అన్నీ తర్వాతి భాగాల్లో వస్తాయి, బాగుంటాయి కానీ అసైన్‌మెంట్‌కి అంత అవసరం లేదు. ఆరు, ఏడు తరగతుల వాళ్లకి ఇది కూడా ఎక్కువే, వాళ్లకి ఏదైనా మంచి కథ ఒక్కటి చాలు. మేం కొన్న ప్రతిలో అచ్చు బాగా చిన్నది, బైండింగు రెండు వారాలకే ఊడొచ్చింది. కొనేముందు లోపల నాలుగు పేజీలు తిప్పి చూసి తీసుకోండి.