విజయవాడ గవర్నర్‌పేటలో ఫోటోలు బాగుచేసే షాపు, మా బాబాయి ఫోటో

మా బాబాయి మద్రాస్ రెజిమెంట్‌లో సిపాయి. 1987లో మనవాళ్ళు శాంతిసేన అని శ్రీలంక వెళ్ళారు కదా, అందులో వెళ్ళి మరుసటేడు జాఫ్నా వైపు చనిపోయాడు. యూనిఫాంలో ఉన్న ఫోటో ఇంట్లో ఒక్కటే, నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో ట్రైనింగ్ అయ్యాక తీయించుకున్నది, బ్లాక్ అండ్ వైట్. మా నాయనమ్మ బతికున్నన్నాళ్ళూ రోజూ బొట్టు పెట్టేది, మధ్యలో అద్దం పగిలితే కొత్తది వేయించేదాకా ఫోటో మీదే పెట్టేసింది, ఆ కుంకుమ నుదుటి మీద అలాగే ఇంకిపోయింది. చెమ్మకి కింద సగం పొరలు లేచిపోయింది.

ముందు వేరే చోట ఇచ్చాం, గంటలో కలర్ చేసి ఇచ్చేశారు. మొహం నున్నగా వచ్చింది, చిన్నప్పుడు గడ్డివాము మీంచి పడితే కనుబొమ్మ దగ్గర పడ్డ గాటు లేదు, బెరెట్ టోపీకి మెరూన్ రంగు వేశారు, అది పారాచూట్ రెజిమెంట్ వాళ్ళది, వీళ్ళది ముదురాకుపచ్చ. నాన్న చూసి "ఇందులో మావాడేడిరా" అన్నారు, ఇంకేం మాట్లాడలేదు.

తర్వాత ఎవరో చెబితే బీసెంట్ రోడ్ దగ్గరున్న ఈ చిన్న షాపుకి వెళ్ళాం. ఆయన రేటు చెప్పకముందే ఏ రెజిమెంట్ సార్ అని అడిగాడు, ఫోన్లో బ్యాడ్జి వెతికి ఏనుగు, రెండు కత్తులు నాన్నకి చూపించి ఇదేనా అని ఖాయం చేసుకున్నాడు. "పోయిన చోట నా సొంతంగా ఊహించి వేయను సార్, ఇంకేదైనా ఫోటోలో ఉంటే అక్కణ్ణుంచి తీసుకుంటా" అన్నాడు. నాన్న పెళ్ళి గ్రూప్ ఫోటోలో బాబాయి వెనక వరసలో నిలబడి ఉన్నాడు, అది ఇచ్చాం, గడ్డం అందులోంచే తీసుకున్నాడు.

నుదుటి మీద మరక తీసేయమంటారా ఉంచమంటారా అని కూడా అడిగాడు. నాన్న చాలాసేపు ఏం చెప్పలేకపోయారు, అది వాళ్ళమ్మ చెయ్యి కదా. చివరికి షాపాయనే, కొత్త ప్రింటులో తీసేసి పాత ఫోటోని అదే ఫ్రేములో వెనకాల యాసిడ్ లేని పేపర్లో చుట్టి పెడతానన్నాడు. అలాగే చేశాడు.

ఫ్రేముతో కలిపి 1,800 అయ్యింది. చెప్పిన రోజుకన్నా నాలుగు రోజులు లేటు, కానీ ఫోన్ చేసి చెప్పాడు. అద్దం మాత్రం లైటు పడితే మెరుస్తోంది, మెరవని అద్దం ఉందట, ముందే అడగండి.

శ్రీలంకలో మనవాళ్ళు దాదాపు 1,200 మంది పోయారు, 1990 మార్చికి గానీ మిగతావాళ్ళు తిరిగి రాలేదు. కొలంబో పక్కన పార్లమెంటు దగ్గర వాళ్ళకి స్మారకం ఉంది, ఢిల్లీలో 2019లో వార్ మెమోరియల్ కట్టారు, నాన్న మోకాళ్ళతో రెండిటికీ వెళ్ళలేరు. ఇప్పుడు పొద్దున్నే ఈ ఫోటో ముందే కూర్చుని పేపర్ చదువుకుంటున్నారు.

మీ ఇళ్ళల్లో ఇలాంటివుంటే ఎంత పాడైనా పారేయకండి, ఆ మనిషి ఉన్న ఇంకో ఫోటో ఏదైనా, గ్రూప్‌ఫోటో అయినా సరే, వెంట పట్టుకెళ్ళండి.