పాత పిన్‌బాల్ మెషిన్లకు ట్రైఫర్కాన్ టెర్మినళ్లు: కొన్నేళ్లు వాడాక నా మాట

ముందే చెప్పేస్తాను. 1970ల చివర, 1980ల మొదట్లో వచ్చిన బాలీ, స్టెర్న్ కంపెనీల పిన్‌బాల్ మెషిన్లకు కనెక్టర్లు వెతుకుతున్నవాళ్లు మోలెక్స్ కంపెనీ కేకే 396 హౌసింగులు (పిన్నుల మధ్య 3.96 మిల్లీమీటర్ల దూరం ఉండే ప్లగ్గుల ప్లాస్టిక్ పెట్టెలు), వాటిలోకి ట్రైఫర్కాన్ టెర్మినళ్లు (వైరు చివర బిగించే, బోర్డు పిన్నును పట్టుకునే లోహపు ముక్కలు) తీసుకోండి. నా బాలీలో ఇవి వేసి కొన్నేళ్లయింది. వేసినచోట మళ్లీ చెయ్యి పెట్టాల్సిన అవసరం రాలేదు.

ఈ మెషిన్లలో ముందు కాలేది ప్లేఫీల్డ్ బల్బులకు కరెంటు ఇచ్చే ప్లగ్గే. 6.3 వోల్టుల 44 నంబరు బల్బు ఒక్కోటి 0.25 ఆంపియర్లు లాగుతుంది. ఇరవై బల్బులుంటే 5 ఆంపియర్లు, అదంతా ఒకటి రెండు పిన్నుల మీదుగానే వెళ్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ టెర్మినల్ పట్టు వదులైపోతుంది. అక్కడ 0.3 వోల్టులు పడిపోయినా 1.5 వాట్ల వేడి ఆ చిన్న పిన్ను దగ్గరే పుడుతుంది. వేడికి పట్టు ఇంకా వదులవుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. చివరికి ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి, పెళుసుగా విరిగిపోతుంది.

ట్రైఫర్కాన్ గొప్పతనం దాని పేరులోనే ఉంది: పిన్నును మూడు వైపుల నుంచి పట్టుకుంటుంది. మామూలు టెర్మినల్ ఒక వైపు నుంచే ఒత్తుతుంది. కొనేటప్పుడు లోహం ఏమిటో తప్పకుండా చూడండి. ఫాస్ఫర్ బ్రాంజ్ అయితే వేడిలో కూడా స్ప్రింగు గుణం నిలుపుకుంటుంది, ఇత్తడి అంతగా నిలుపుకోదు. తగరం పూత వేశాక రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. అందుకే వివరాల్లో లోహం పేరు రాయని అమ్మకందారు దగ్గర నేను కొనను. ఒకచోట తీసుకున్న చవక రకం నాలుగైదుసార్లు పెట్టి తీసేసరికే వదులైపోయింది, మొత్తం పారేశాను.

3.96 మిల్లీమీటర్లు అని రాసి ఉన్నవన్నీ ఒకటి కావు, ఇది చాలామందిని ఇబ్బంది పెడుతుంది. జేఎస్‌టీ అనే మరో కంపెనీ వీహెచ్ రకానికీ పిన్నుల మధ్య దూరం అంతే, కానీ దాని టెర్మినల్ కేకే హౌసింగులో కూర్చోదు. కాబట్టి కొలతతో పాటు సిరీస్ పేరు కూడా సరిచూసుకోండి. వైరు గేజ్ (మందం) కూడా అంతే ముఖ్యం. సన్నటి వైర్ల కోసం చేసిన టెర్మినల్‌లో 18 గేజ్ వైరును కుక్కితే క్రింపు, అంటే వైరు చుట్టూ టెర్మినల్ రెక్కలు నొక్కి బిగించిన పట్టు, నిలవదు.

క్రింపింగ్ ప్లయర్ మీద మాత్రం డబ్బు మిగుల్చుకోవద్దు. కార్ల వైరింగుకు వాడే ప్లయర్ ఇక్కడ పనికిరాదు. ముందు రెక్కలు రాగి తీగను, వెనక రెక్కలు ఇన్సులేషన్‌ను విడివిడిగా చుట్టి పట్టుకోవాలి. దానికి ఇలా రెక్కలు తెరిచి ఉండే (ఓపెన్ బ్యారెల్) టెర్మినళ్లకు సరిపోయే అచ్చు ఉన్న రాచెట్ ప్లయరే కావాలి. ఫ్యాక్టరీలో కొన్నిచోట్ల వైరును ఇన్సులేషన్‌తో సహా గాడిలోకి నొక్కేసే ఐడీసీ రకం వాడారు. పని త్వరగా అవుతుంది కాబట్టి వాళ్లకు అది సరిపోయింది. రిపేరుకు నేను క్రింపునే నమ్ముతాను.

కొత్త టెర్మినళ్లు వేసి బోర్డు మీద పాత పిన్నులు అలాగే వదిలేస్తే లాభం లేదు. నల్లబడిన పిన్నును ఎమరీ పేపరుతో రుద్దితే తగరం పూత పోయి ఇంకా త్వరగా పాడవుతుంది. బోర్డు మీది ఆ పిన్నులు (హెడర్ పిన్నులు) కూడా మార్చండి. ట్రైఫర్కాన్ పట్టు గట్టిది కదా, తీసేటప్పుడు బోర్డు మీద బలంగా లాగాల్సి వస్తుంది. పాత సోల్డర్‌లో పగుళ్లుంటే అవి అప్పుడే పెద్దవవుతాయి. ఈ టెర్మినళ్లలో నాకు కనిపించిన లోపం ఇదొక్కటే. ప్లగ్గు తప్పుగా పెట్టకుండా బోర్డు మీద కావాలనే ఒక పిన్ను తీసేసిన చోట (దీన్నే కీ అంటారు) హౌసింగులో చిన్న నైలాన్ ముక్క పెట్టడం మర్చిపోవద్దు. అది లేకపోతే ప్లగ్గు ఒక పిన్ను పక్కకు జరిగి కూర్చునే ప్రమాదముంది, దాంతో బోర్డు కాలిపోవచ్చు.

2.54 మిల్లీమీటర్ల కనెక్టర్లలో మామూలు కేకే టెర్మినళ్లే వాడుతున్నాను. స్విచ్చులు, డిస్‌ప్లేల సిగ్నళ్లకు అవి చాలు. గాట్లీబ్ కంపెనీ సిస్టమ్ 1, సిస్టమ్ 80 మెషిన్ల సంగతి వేరు. వాటిలో ప్లగ్గు నేరుగా బోర్డు అంచున ఉన్న రాగి పట్టీలను పట్టుకుంటుంది కాబట్టి ఎడ్జ్ కనెక్టర్లే వెతుక్కోవాలి. గరుకుగా మారిన పట్టీ మీద ఎంత మంచి ప్లగ్గూ నిలవదు. అక్కడ ముందు బోర్డు అంచునే బాగుచేయించండి.